ఒక్క ఎంబిరా కొంటే సగమే కొన్నట్టు

జింబాబ్వే రాజధాని హరారేలో కొన్న ఎంబిరా (చెక్క మీద బిగించిన ఇనప రేకుల్ని వేళ్ళతో మీటే వాయిద్యం) గురించి రాద్దామని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. మొదట టూరిస్టులకి అమ్మే చోట 15 డాలర్లకి ఒకటి తీసుకున్నా, నున్నగా పాలిషూ మీద జిరాఫీ బొమ్మా, వాయిస్తే మాత్రం టక్కు టక్కు తప్ప ఏం లేదు, షోకేసులోకి పోయింది. తర్వాత ఆఫీసులో ఒకతను స్వయంగా చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇక్కడ పెద్దవాళ్ళని సెకురు అంటారు, మనం తాతా అన్నట్టు. 80 డాలర్లు తీసుకున్నాడు, వర్త్.

ముబ్వమరోపా చెక్క మీద 24 ఇనప రేకులు. కుడి చిటికెన వేలు చెక్కకున్న కన్నంలో దూర్చి పట్టుకుని, రెండు బొటనవేళ్ళతో పైనుంచి నొక్కుతూ, కుడి చూపుడు వేలితో కిందనుంచి మీటాలి. సౌండ్ కోసం పెద్ద సొరకాయ బుర్రలో బిగిస్తారు, దాన్ని డెజే అంటారు.

ఇంటికొచ్చి వాయిస్తే జుయ్యిమని ఒకటే గోల, చెక్క మీద కట్టిన సీసా మూతల్లోంచి. ఏదో లూజయిందనుకుని టేపు వేసేశా 😅 మర్నాడు సెకురు చూసి పడీపడీ నవ్వి ఆ టేపు పీకేశాడు. మన తంబురాకి జీవ కోసం తీగ కింద దారం పెడతారు చూడండి, అదే లెక్క, ఆ జుయ్యి లేకపోతే ఎంబిరానే కాదు. పూర్వం నత్తగుల్లలు కట్టేవాళ్ళట.

దీని పూర్తి పేరు ఎంబిరా జవద్జిము, అంటే పితృదేవతల ఎంబిరా. ఇక్కడి షోనా తెగ వాళ్ళు పెద్దల్ని పిలవడానికి రాత్రంతా చేసే తంతుని బిరా అంటారు, పేరు విని బీరు పార్టీ అనుకున్నా, రాగులతో కాచిన బీరు కూడా నిజంగానే ఉంది లెండి. అక్కడ వాయించేవాళ్ళూ వినేవాళ్ళూ అని వేరే ఉండరు, ఒకరు హోషో అనే గిలక బుర్రలు ఆడిస్తారు, మిగతావాళ్ళు చప్పట్లు, పాట, ఆట, నేను మూల కూర్చుంటే ఒకావిడ లాగి నిలబెట్టింది. ఒకప్పుడు మిషనరీలు దీన్ని దెయ్యాల పూజ అని మాన్పించాలని చూశారు, 1970ల్లో ఇక్కడి గాయకుడు థామస్ మాప్‌ఫుమో ఇవే వరసల్ని ఎలక్ట్రిక్ గిటారు మీదకి తెచ్చి స్వాతంత్ర్య పోరాటం పాటలు కట్టాడు, 2020లో యునెస్కో జాబితాలో కూడా చేరింది.

మైనస్‌లు: గోరు విరుగుతుంది, రేకులు తుప్పు పడతాయి, ఒక్కొక్కరి శ్రుతి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టుకుని లాభం లేదు.

అన్నిటికన్నా పెద్దది, ఒక్కళ్ళం వాయిస్తే పాట సగమే. ఒకరు కుషౌరా అనే మొదటి వరస ఎత్తుకుంటే రెండోవాళ్ళు కుత్సినిరా అనే రెండో వరసని ఆ సందుల్లో అల్లుతారు, అప్పుడు ఇద్దరిలో ఎవరూ వాయించని రాగం ఒకటి గదిలో వినిపిస్తుంది, ఎక్కణ్ణుంచో తెలీదు. అందుకే మా ఆవిడకి రెండోది ఆర్డర్ ఇచ్చా. కొనేవాళ్ళు రెండూ ఒకాయన దగ్గరే చేయించుకోండి, వేరే చోట తీసుకుంటే శ్రుతి కలవదు.