కల్లుప్పు, ఇందుప్పు, అయోడిన్ ఉప్పు: మన ఇంటికి ఏది మేలు?

తిరుపతి, చిత్తూరు అంగళ్లలో నేడు ఉప్పు పలు రకాలుగా దొరుకుతోంది. ధర, రుచి చూసి కొనడం సహజమే గానీ, కడుపులోని బిడ్డ మెదడు ఎదగడానికి అయోడిన్ తప్పనిసరి కనుక ముందుగా చూడవలసింది అదేనని నా దృఢమైన అభిప్రాయం.

పెద్దలకు రోజుకు 150, గర్భిణులకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వానలకు నేలలోని అయోడిన్ కొట్టుకుపోయిన చోట పంటలోనూ అది తక్కువే ఉంటుంది గనుక, సంగటి, కూరగాయలతోనే ఈ అవసరం తీరుతుందని నమ్మలేము. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి బృందం 1956లో హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో మొదలుపెట్టిన అధ్యయనం, అయోడిన్ కలిపిన ఉప్పు వాడితే గొంతువాపు (గాయిటర్, అంటే థైరాయిడ్ గ్రంథి వాపు) తగ్గుతుందని నిరూపించింది. ఆ దారిలోనే 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

ఇక కల్లుప్పు సంగతి. సముద్రపు నీటి నుంచి వచ్చినది కాబట్టి ఇందులో అయోడిన్ ఉండే ఉంటుందని మన పల్లెల్లో చాలామంది నమ్ముతారు, కానీ విడిగా కలపని కల్లుప్పులో ఉండేది నామమాత్రమే. అయోడిన్ కలిపిన కల్లుప్పు కూడా దొరుకుతుంది. అయితే ఆ అయోడిన్ గింజల పైభాగానే అంటుకుని ఉంటుంది కాబట్టి, మట్టి పోవాలని కడిగినా, గోనెసంచిలో చెమ్మగిల్లి నీరు కారినా అది చాలావరకు పోతుంది. ఆవకాయకు కల్లుప్పే కావాలనే ఇల్లాళ్లతో నాకు పేచీ లేదు, రోజూ వండే పప్పుకూ పులుసుకూ మాత్రం అది వద్దు.

ఇందుప్పు, అంటే సైంధవ లవణం, ఖరీదెక్కువ. అందులో ఖనిజాలున్నాయనే ప్రచారం చూసి కొంటున్నారు గానీ, వాటి మోతాదు చాలా స్వల్పం. అయోడిన్ కలిపినట్టు పొట్లం మీద లేకపోతే ఈ లెక్కలో అది కల్లుప్పుకంటే మేలైనదేమీ కాదు.

అయోడిన్ కలిపిన పొడి ఉప్పులో వినియోగదారుడి చేతికి వచ్చేసరికి కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నిబంధన. అంటే 10 గ్రాముల ఉప్పుతో 150 మైక్రోగ్రాములు అందుతాయి. మూత బిగించిన డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచి, కూర దించే ముందు వేస్తే నష్టం తగ్గుతుంది. నిత్యవంటకు నేను దీనికే ఓటు వేస్తాను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన ఇనుము, అయోడిన్ రెండూ ఉన్న ఉప్పు, రక్తహీనత ఉన్న ఇళ్లకు ఇంకా మంచిది. గ్రాముకు సుమారు ఒక మిల్లీగ్రాము ఇనుము ఇస్తుంది గానీ, డాక్టరు రాసిన ఐరన్ మాత్రలకు అది బదులు కాదు. తలసేమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా వాడరాదు.

రేషన్ దుకాణాల్లో ఇస్తూ వచ్చిన, పోషకాలు కలిపిన బియ్యం ఉంది కదా, ఉప్పు ఏదైతేనేమి అని కొందరు అంటున్నారు. ఆ బియ్యంలో కలిపినవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ మాత్రమే, అయోడిన్ లేదు. రక్తపోటు ఉన్నవారు సైతం ఉప్పు మోతాదు తగ్గించుకోవాలి గానీ, ఆ తగ్గించిన కొద్దిపాటి ఉప్పు అయోడిన్ కలిపినదే కావాలి.