డీడీ 214లో పతకం తప్పిపోయింది: హెచ్‌ఆర్‌సీ, ఎన్‌పీఆర్‌సీ, బోర్డు... ఏది మేలు?

అమెరికా ఆర్మీలో పనిచేసి బయటికొచ్చిన మనవాళ్లు, ముఖ్యంగా 2009–2016 మధ్య మావ్నీ పథకంలో (పౌరసత్వం, గ్రీన్‌కార్డు లేనివాళ్లను వాళ్ల భాషా, వైద్య నైపుణ్యాల కోసం సైన్యంలో చేర్చుకున్న పథకం) చేరినవాళ్లు, పదే పదే అడిగే ప్రశ్న ఇది. సర్వీసు ముగిశాక ఇచ్చే విడుదల పత్రం డీడీ 214లో, పతకాలు రాసే బ్లాక్ 13 చూసుకుంటే ఉండాల్సిన పతకం లేదు. డీడీ 149 దరఖాస్తు నింపి నేరుగా సైనిక రికార్డులు సరిదిద్దే బోర్డుకు పంపాలా, ఫోర్ట్ నాక్స్‌లోని హెచ్‌ఆర్‌సీకి (ఆర్మీ సిబ్బంది వ్యవహారాల కార్యాలయం) రాయాలా, సెయింట్ లూయిస్‌లోని ఎన్‌పీఆర్‌సీని (పాత సైనిక ఫైళ్లు భద్రపరిచే జాతీయ కేంద్రం) అడగాలా? ఫారాలు ఎక్కడ దొరుకుతాయో అందరికీ తెలుసు. ముందు ఏ తలుపు తట్టాలన్నదే తేలడం లేదు.

దీన్ని తేల్చేది ఒక్కటే అని నా అభిప్రాయం. ఆ అవార్డు మీకు ఇచ్చినట్టు కాగితం ఇప్పటికే ఉందా, లేక ఇవ్వాలా వద్దా అని ఎవరైనా కొత్తగా నిర్ణయించాలా? కాగితం ఉంటే అది గుమాస్తా పని: ఉన్నదాన్ని చూసి, లేనిచోట ఎక్కించడం. కొత్తగా నిర్ణయించాలంటే అది తీర్పు. గుమాస్తా పనిని బోర్డుకు పంపితే నెలల తరబడి క్యూలో కూర్చుంటుంది. తీర్పు కావాల్సిన దాన్ని గుమాస్తా ముందు పెడితే 'ఆధారం లేదు' అని తిరిగొస్తుంది. మిగతావన్నీ దీని తర్వాతే.

కాబట్టి ఏ దరఖాస్తూ పెట్టకముందే మీ మొత్తం ఫైలు, అంటే ఓఎంపీఎఫ్, తెప్పించుకోండి. ఒక్క డీడీ 214 చాలదు. 2002 అక్టోబరు తర్వాత ఆర్మీ నుంచి వచ్చినవాళ్ల ఫైలు ఎలక్ట్రానిక్ రూపంలోనే ఉంటుంది. మిల్‌కనెక్ట్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి అడిగితే ఉచితంగా వస్తుంది. పాతవాళ్లు ఎస్ఎఫ్ 180 ఫారం మీద సంతకం చేసి గానీ, ఈవెట్‌రెక్స్ అనే ఆన్‌లైన్ దరఖాస్తు ద్వారా గానీ ఎన్‌పీఆర్‌సీని అడగాలి. పతకం తాలూకు ఆర్డరు ఆ ఫైల్లోనే ఉండి, డీడీ 214 టైపు చేసినప్పుడు ఎక్కకపోవడం చాలా మామూలు. యూనిట్ వదిలే ముందు ఇచ్చే అవార్డు ఆర్డరు, డీడీ 214 మీద సంతకం పెట్టేశాక రావడం కూడా అంతే మామూలు.

ఫైలు చేతికొచ్చాక ఏం చూడాలో ఒక ఉదాహరణతో చెబుతాను. రిమార్కులు రాసే బ్లాక్ 18లో 'సర్వీస్ ఇన్ అఫ్గానిస్తాన్ 20120115–20121010' అని ఉంది. బ్లాక్ 13లో మాత్రం అఫ్గానిస్తాన్ క్యాంపెయిన్ మెడల్ లేదు. ఈ పతకానికి 30 రోజులు వరుసగా గానీ, విడివిడిగా 60 రోజులు గానీ ఉంటే చాలు. తేదీలు అదే డీడీ 214 మీద ఉన్నాయి. ఇందులో ఎవరూ తీర్పు చెప్పాల్సిన పని లేదు. పైగా ఆ తేదీలు 2011 జులై 1 నుంచి 2014 డిసెంబరు 31 వరకు సాగిన ట్రాన్సిషన్ 1 దశలో పడతాయి కాబట్టి పతకంతో పాటు ఒక క్యాంపెయిన్ స్టార్ కూడా రావాలి. అదే మనిషి 2011 మే నుంచి 2012 ఫిబ్రవరి దాకా అక్కడ ఉంటే రెండు దశలను తాకినట్టు, రెండు స్టార్లు. ఉత్తరంలో స్టార్ల సంఖ్య మీరు రాయకపోతే వట్టి పతకమే ఎక్కి, మళ్లీ ఇంకో సవరణకు రాయాల్సి వస్తుంది.

బ్లాక్ 18లో ఆ వాక్యం లేకపోయినా కంగారు పడక్కర్లేదు. ఆ నెలల జీతం చీటీ, అంటే ఎల్ఈఎస్‌లో, హోస్టైల్ ఫైర్ పే లేదా ఇమ్మినెంట్ డేంజర్ పే అనే ప్రమాద భత్యం కనిపిస్తుంది. ప్రయాణ ఆర్డర్లు, అక్కడున్న కాలానికి రాసిన పనితీరు నివేదిక (ఎన్‌సీఓఈఆర్) కూడా పనికొస్తాయి. నేషనల్ డిఫెన్స్ సర్వీస్ మెడల్ అయితే ఇంకా సులువు: 2001 సెప్టెంబరు 11 నుంచి 2022 డిసెంబరు 31 మధ్య గౌరవప్రదంగా యాక్టివ్ డ్యూటీ చేశారంటే తేదీలే సాక్ష్యం.

వ్యక్తిగత అవార్డుల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఆర్కామ్ (ఆర్మీ కమెండేషన్ మెడల్) గానీ ఏఏఎం (ఆర్మీ అచీవ్‌మెంట్ మెడల్) గానీ అడుగుతూ అవార్డు సిఫారసు ఫారం డీఏ 638 జతచేస్తారు. అందులో సిఫారసు చేసినవారి సంతకం ఉంటుంది, ఆమోదించినవారి సంతకం ఉండదు, పర్మనెంట్ ఆర్డరు నంబరు గడి ఖాళీగా ఉంటుంది. అది అవార్డు కాదు, సిఫారసు మాత్రమే. ఆర్కామ్‌కు కల్నల్ స్థాయి, ఏఏఎంకు లెఫ్టినెంట్ కల్నల్ స్థాయి కమాండర్ ఆమోదం ఉండాలి. పతకంతో ఇచ్చిన సర్టిఫికెట్ ఇంట్లో ఉంటే దాని కింది భాగంలో ఆర్డరు నంబరు, తేదీ వెతకండి. అవి ఉంటే గుమాస్తా దారి, లేకపోతే బోర్డు దారి.

పేరు సంగతి మనవాళ్లకు ప్రత్యేకం. ఇంటిపేరు ముందా వెనకా అన్న గందరగోళం ఆర్మీ కాగితాల్లోకి కూడా పాకుతుంది. ఆర్డరు మీద ఒక వరస, డీడీ 214 మీద ఇంకో వరస, పౌరసత్వం తీసుకున్నప్పుడు కుదించుకున్న పేరు మరొకటి. పరిశీలించే ఉద్యోగికి ఇవి ముగ్గురు మనుషుల్లా కనిపిస్తాయి. అందుకే ఉత్తరం మొదటి పేరాలోనే 'ఈ మూడు పేర్లూ నావే' అని స్పష్టంగా రాయండి. నేచురలైజేషన్ సర్టిఫికెట్ లేదా పేరు మార్పు ఉత్తర్వు నకలు, డీఓడీ ఐడీ నంబరు జతచేయండి. ఎంత బలమైన ఆర్డరైనా ఈ ఒక్క లోటుతో ఆగిపోవచ్చు.

హెచ్‌ఆర్‌సీనా, ఎన్‌పీఆర్‌సీనా?

గుమాస్తా దారిలోనే రెండు గుమ్మాలు ఉన్నాయి. ఇటీవలి దశాబ్దాల్లో బయటికొచ్చినవాళ్లకు హెచ్‌ఆర్‌సీయే సరైనది. ఎలక్ట్రానిక్ ఫైలు వాళ్లదే, డీడీ 215 జారీ చేసేదీ వాళ్లే. డీడీ 214ను చింపి కొత్తది ఇవ్వరు. తప్పిపోయినవి డీడీ 215 మీద ఎక్కించి పంపుతారు, ఆ రెండూ కలిపే మీ రికార్డు. 'కొత్త డీడీ 214 ఇవ్వండి' అని అడగడం వల్ల కాలయాపన తప్ప ఒరిగేది ఉండదు.

వియత్నాం కాలంవాళ్లు, అంతకు ముందువాళ్లు, లేదా వాళ్ల పిల్లలు అడుగుతుంటే ఎన్‌పీఆర్‌సీ మేలు. కాగితం ఫైళ్లు అక్కడే ఉన్నాయి. ఆర్మీ విషయంలో వాళ్లు అర్హత సరిచూసి, పతకాలు పంపే పనిని ఫిలడెల్ఫియాకు అప్పగిస్తారు. పతకం పంపమనడం, రికార్డు సవరించమనడం రెండు వేరు విన్నపాలు. రెండూ కావాలంటే రెండూ రాయండి. 1973 జులై 12న అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో 1912 నవంబరు నుంచి 1960 జనవరి 1 వరకు ఆర్మీ వదిలినవాళ్ల ఫైళ్లలో దాదాపు 80 శాతం కాలిపోయాయి. ఆ కాలం మనిషి తరఫున అడిగేవాళ్లు ఇంట్లో ఉన్న ప్రతి కాగితం నకలూ ముందే పంపాలి.

ఏ గుమ్మానికి రాసినా ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. 'బ్లాక్ 13లో అఫ్గానిస్తాన్ క్యాంపెయిన్ మెడల్, ఒక క్యాంపెయిన్ స్టార్‌తో చేర్చవలసిందిగా కోరుతున్నాను. ఆధారం: డీడీ 214 బ్లాక్ 18, జతచేసిన ఎల్ఈఎస్‌లు.' ప్రతి అవార్డుకూ ఇలా ఒక వరస, దాని పక్కనే ఆధారం. మీ సేవల చరిత్ర మొత్తం అందులో చెప్పకండి. అసలు కాగితాలు ఎప్పుడూ పంపకండి.

బోర్డు ఎప్పుడు?

ఒక్కో దళానికి ఒక్కో బోర్డు. ఆర్మీకి ఏబీసీఎంఆర్. నేవీ, మెరైన్లకు బీసీఎన్ఆర్. ఎయిర్ ఫోర్స్, స్పేస్ ఫోర్స్‌కు ఏఎఫ్‌బీసీఎంఆర్. ఫారం మాత్రం అందరికీ డీడీ 149. రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు. అధికారం విషయంలో ఇంతకు మించింది లేదు: గుమాస్తా చేయలేనిది బోర్డు చేయగలదు. అయినా దీన్ని చివరి బాణంగానే ఉంచుకోమంటాను. కారణాలు మూడు.

మొదటిది, మిగతా మార్గాలు ప్రయత్నించకుండా వస్తే బోర్డు ఫైలు తెరవకుండానే తిప్పి పంపవచ్చు. హెచ్‌ఆర్‌సీ నుంచి వచ్చిన తిరస్కరణ ఉత్తరం మీ డీడీ 149కు జతచేయాల్సిన కాగితాల్లో మొదటిది. రెండోది కాలం. చట్టం ప్రకారమే నూటికి 90 కేసులు 10 నెలల్లో తేల్చాలన్నది లక్ష్యం, బయటి గడువు 18 నెలలు. ఆ నిరీక్షణంతా అయ్యాక, పని గుమాస్తా స్థాయిలోనే అయ్యేదని తేలి, బోర్డు ఓటు లేకుండానే సవరణకు పంపిన సందర్భాలు దాని నిర్ణయాల్లో బోలెడు కనిపిస్తాయి.

మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. బోర్డు దర్యాప్తు చేయదు. సైన్యం రాసింది సరైనదే అన్న భావనతో మొదలుపెడుతుంది. తప్పని చూపించే బాధ్యత మీదే. సగం ఆధారాలతో వెళ్లి ఓడిపోతే, పునఃపరిశీలనకు కొత్త ఆధారం కావాలి. అదే వాదన మళ్లీ వినిపిస్తే చాలదు. మీ దగ్గరున్న మంచి ఆధారాన్ని తొందరపడి, దానికి తోడుగా ఉండాల్సిన కాగితాలు లేకుండా ఖర్చు చేసుకోవడం కన్నా రెండు నెలలు ఆగి ఫైలు పూర్తిచేయడం నయం.

బోర్డే సరైన చోటు అయిన సందర్భాలూ ఉన్నాయి. గుడ్ కాండక్ట్ మెడల్ మంచి ఉదాహరణ. యాక్టివ్ డ్యూటీలో మూడేళ్లు మచ్చలేకుండా పనిచేసిన ఎన్‌లిస్టెడ్ (ఆఫీసరు కాని) సైనికుడికి రావాలి, కానీ కమాండర్ ఆర్డరు ఉండాలి. ఆర్డరు లేదు, అనర్హుడని చెప్పే కాగితమూ లేదు. ఈ ఖాళీని పూరించే అధికారం బోర్డుకు ఉంది. శిక్షల కాగితాలేవీ లేని మీ పూర్తి ఫైలే అక్కడ మీ తరఫు సాక్షి.

పర్పుల్ హార్ట్ వేరే లెక్క. గాయం శత్రు చర్య వల్ల తగిలిందని, వైద్య సిబ్బంది చికిత్స చేశారని, ఆ చికిత్స అధికారిక రికార్డులో ఉందని మూడూ చూపాలి. మూడోది లేక ఆగిపోయేవే ఎక్కువ. 2001 తర్వాతి గాయాలకు ముందు హెచ్‌ఆర్‌సీ అవార్డుల విభాగానికి రాసి, వాళ్లు కాదంటే బోర్డుకు వెళ్లాలి. కంబాట్ యాక్షన్ బ్యాడ్జ్‌కూ ఇదే వరస. 2005లో మొదలుపెట్టిన ఈ బ్యాడ్జ్ 2001 సెప్టెంబరు 18 నుంచి వర్తిస్తుంది. యుద్ధ ప్రాంతంలో ఉన్నంత మాత్రాన రాదు. కాల్పుల ఘటన తేదీ, చోటు, చూసినవాళ్ల సంతకాలతో వాంగ్మూలాలు కావాలి.

డీడీ 149 నింపేటప్పుడు తప్పు కనిపెట్టిన తేదీ గడి దగ్గర జాగ్రత్త. కనిపెట్టిన నాటి నుంచి మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. డీడీ 214 మీద సంతకం చేసిన రోజే మీకు తెలిసిందని వాళ్లు అనుకునే అవకాశం ఎక్కువ. గడువు దాటితే, న్యాయం కోసం దాన్ని ఎందుకు మన్నించాలో ఆ గడిలోనే రాయాలి. 'తెలియక ఆలస్యమైంది' అని వదిలేయకండి. ఏ కాగితం ఎప్పుడు చేతికొచ్చిందో తేదీతో రాయండి. సంతకం మరిచిన ఫారం వెనక్కి వస్తుంది. సైనికుడు చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, బంధుత్వ రుజువు కావాలి. అవి తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం జతచేయండి.

మిగతా దారులు

కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయం: సమ్మతి పత్రం మీద సంతకం చేస్తే ఫైలు ఎక్కడుందో కనుక్కుంటారు, అంతే. అసలు ఎవరూ సిఫారసే చేయని, గడువు దాటిన అవార్డుకు మాత్రం అమెరికా చట్టంలోని 10 యూఎస్‌సీ 1130 సెక్షన్ కింద వాళ్ల ద్వారానే వెళ్లాలి. వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ): డీడీ 214ను సవరించే అధికారం వాళ్లకు లేదు. నేషనల్ గార్డ్ విడుదల పత్రం ఎన్‌జీబీ 22లో లోపముంటే రాష్ట్ర కార్యాలయాన్ని అడగాలి. డీడీ 293 డిశ్చార్జ్ స్థాయి మార్చుకోవడానికి, పతకాలకు కాదు.

ఇంత శ్రమ దేనికన్నవాళ్లకు ఒక మాట. ఫెడరల్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే క్యాంపెయిన్ మెడల్ వల్ల 5 పాయింట్ల ప్రాధాన్యం రావచ్చు, నేషనల్ డిఫెన్స్ మెడల్ ఒక్కదానితో రాదు. 2010 ఆగస్టు 31 తర్వాత చేరినవాళ్లకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ తేదీకి ముందు 180 రోజుల సర్వీసుతో దక్కిన ప్రాధాన్యం వాళ్లకు లేదు. పర్పుల్ హార్ట్‌కు 10 పాయింట్లు, పోస్ట్ 9/11 జీఐ బిల్ పూర్తి శాతం, వీఏ వైద్యంలో మూడో ప్రాధాన్య వర్గం. మీరు చేసిన సేవకు చట్టం ఇచ్చినవి ఇవి. గుమాస్తా టైపు చేయడం మరిచినంత మాత్రాన వదులుకోవాల్సినవి కావు.

డీడీ 215 చేతికొచ్చాక స్టార్ల సంఖ్యతో సహా అక్షరం అక్షరం సరిచూసుకోండి. తప్పుంటే దానికీ ఇంకో డీడీ 215 ఇస్తారు. ఆన్‌లైన్ ఫైల్లోకి ఎక్కిందో లేదో కొన్నాళ్లకు మళ్లీ చూడండి. ఆపైన ఎవరికి డీడీ 214 ఇచ్చినా దానికి డీడీ 215 కుట్టి ఇవ్వండి. కౌంటీ కార్యాలయంలో నమోదు చేయించాలనుకుంటే, అక్కడ పెట్టిన కాగితం ఎవరైనా చూడగలిగే రికార్డవుతుందా అని ముందే అడగండి. కొన్నిచోట్ల అవుతుంది, పాత డీడీ 214ల మీద సోషల్ సెక్యూరిటీ నంబరు పూర్తిగా ఉంటుంది.