చలిలో పాత 1613 లారీ: ఏళ్ల తరబడి నడిపాక నా అభిప్రాయం

చీమకుర్తి నుంచి గ్రానైట్ పలకలతో నాగపూర్, ఝాన్సీ, గ్వాలియర్ మీదుగా ఢిల్లీ వెళ్లే పాత టాటా 1613 నాది. ఒంగోలు వైపు సంక్రాంతి చలిని ఇది లెక్కచేయదు. అసలు పరీక్ష నాగపూర్ దాటాకే. జనవరిలో గ్వాలియర్ దగ్గర తెల్లవారుజామున 5 డిగ్రీలకు పడిపోయినా ఈ బండి నన్ను నిలబెట్టదు. అందుకు కారణం కొత్త పరికరమేదీ కాదు. బ్యాటరీ తీగలు, డీజిల్ లైను బాగుండటమే.

నా ఇంజన్‌కు స్టార్ట్ చేసే ముందు లోపల వేడిచేసే హీటర్ ప్లగ్గులు లేవు. పిస్టన్ గాలిని నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. సెల్ఫ్ నెమ్మదిగా తిప్పితే ఆ వేడిని చల్లటి ఇనుమే తాగేస్తుంది. పైగా చలికి బ్యాటరీ సత్తువ తగ్గుతుంది, ఆయిల్ చిక్కబడుతుంది. ఆయిల్‌ను 20డబ్ల్యూ-40 నుంచి, చలిలో అంతగా చిక్కబడని 15డబ్ల్యూ-40కి మార్చాక సెల్ఫ్ శబ్దంలోనే తేడా తెలిసింది. ఎర్త్ కేబుల్ (బ్యాటరీ నుంచి బండి ఇనుముకు కలిపే తీగ) ఛాసిస్‌కు తగిలేచోట తుప్పు గీకి బోల్టు బిగిస్తే వచ్చిన ఊపు, కొత్త బ్యాటరీలు వేసినప్పుడు కూడా నాకు రాలేదు.

సెల్ఫ్ కొట్టేటప్పుడు క్లీనరును సైలెన్సర్ దగ్గర నిలబెడతాను. తెల్లపొగ వస్తే డీజిల్ అందుతోంది, వేడే చాలడం లేదు. పొగే రాకపోతే లైనులో గాలి చేరిందేమో చూస్తాను. రాత్రంతా ఆగిన బండిలో పాత పైపుల, వాషర్ల సందుల్లోంచి గాలి దూరి డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది. ఫిల్టరు మీది బోల్టు కాస్త వదులు చేసి చేతిపంపు కొడితే ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, చివరకు బుడగ లేని ధార. ధార వస్తుండగానే బోల్టు బిగించాలి. రాగి వాషర్లు కొత్తవి వేశాక నాకు ఈ పని చాలావరకు తప్పింది.

డీజిల్ విషయంలోనూ జాగ్రత్త కావాలి. డీజిల్‌కు మన దేశంలో ఉన్న ఐఎస్ 1460 ప్రమాణం ప్రకారం చలికాలపు డీజిల్ 6 డిగ్రీల వరకు, వేసవి డీజిల్ 18 డిగ్రీల వరకు ఫిల్టరు గుండా పారితే చాలు. అంతకన్నా చల్లబడితే మైనం పేరుకుని ఫిల్టరు మూసుకుపోవచ్చు. అందుకే చలికాలంలో ఒంగోలులో ట్యాంకు నిండా పోయించను, దారిలో చలి ప్రాంతపు బంకుల్లో నింపుకుంటాను.

గడ్డకట్టిన డీజిల్ కరగాలని ట్యాంకు కింద మంట పెట్టేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయకండి, బండితోపాటు మనిషీ పోతాడు. ఇంజన్ త్వరగా అంటుకోవాలని గాలి దారిలో కొట్టే ఈథర్ స్ప్రే కూడా నాకు సమ్మతం కాదు. అది వేళకు ముందే అంటుకుంటే పిస్టన్ రింగులు విరుగుతాయి. ఆ డబ్బు ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు పెట్టండి. కారే నాజిల్‌తో మిగతావన్నీ సరిగా ఉన్నా తెల్లపొగ ఆగదు. దీపావళి లోపే వాటిని విప్పించి ప్రెషర్ పరీక్ష చేయించి, ఆ తర్వాతే ఉత్తరాది లోడు ఒప్పుకుంటాను.