కప్పు తొడుగుకు కాటన్ దారమా, అక్రిలిక్ ఊలా?

హన్మకొండలో డిసెంబర్ పొద్దున చాయ్ కప్పు బల్ల మీద పెట్టి పేపర్ తిరగేసేలోపే చల్లారిపోతుంది. అందుకే కప్పుకు క్రోషియా తొడుగు అల్లుతాను. రెండు రకాల దారంతోనూ అల్లి చూశాను.

అక్రిలిక్ ఊలు చేతికి సులువు. 5 మి.మీ. సూదితో ఒక్క సాయంత్రంలో పని అయిపోతుంది. సాగుతుంది కాబట్టి కొలత కొంచెం తప్పినా కప్పుకు పట్టేస్తుంది. పోగుల మధ్య గాలి నిలవడం వల్ల వేడి కూడా బాగానే ఆగుతుంది. కానీ అది ప్లాస్టిక్ జాతి దారం. స్టవ్ దగ్గర పెడితే కరుగుతుంది. ఇంట్లో అందరూ వాడే వస్తువుకు నాకది భయమే.

కాటన్ అంత సాగదు, కొలత కచ్చితంగా ఉండాలి. కప్పు ఎత్తుకు సరిపడా గొలుసు వేసి, ప్రతి వరుసలో, కింది కుట్టు పైన కనిపించే రెండు పోగుల్లో వెనక పోగులోనే సింగిల్ క్రోషియా కుట్టు వేయండి. చారలు లేచి, చుట్టూ కాస్త సాగే గుణం వస్తుంది. పట్టీ కప్పు చుట్టూ తిరిగి పిడికి అటూ ఇటూ వచ్చాక ఆపి, గుండీ, ఉచ్చు పెట్టండి. చాయ్ ఒలికితే పీల్చుకుంటుంది, వేడినీళ్లలో ఉతకొచ్చు. తడి తొడుగు మాత్రం కప్పును ఇంకా త్వరగా చల్లారుస్తుంది, ఆరబెట్టే వాడాలి.

వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నూలు జంపఖానాలు నేసే ఊరు మనది. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నా ఓటు కాటన్‌కే. మొదటిసారి సూది పట్టేవాళ్లు మాత్రం ఊలుతో చేయి తిప్పుకోండి.