రీపర్‌లో ట్రాక్ రంగులు: పేరును బట్టి రంగు

నలభై ట్రాకులున్న (ఒక్కో వాద్యానికీ, గొంతుకీ ఒక్కో వరుస) పాట సెషన్‌ను ఒక్కసారైనా మిక్స్ చేసినవారికి, చెవి కోరస్‌లోని ఒక కరకు శబ్దాన్ని పట్టుకున్న క్షణంలో కంటికి ఆ ట్రాక్ దొరకకపోవడం ఎంత ఇబ్బందో తెలుసు. పేర్లు చదువుకుంటూ కిందికి వెళ్ళేలోగా ఆ శబ్దం దాటిపోతుంది, మళ్ళీ వెనక్కి వెళ్ళి వినాలి. ట్రాక్ రంగులను నేను అలంకారంగా చూడకపోవడానికి కారణం ఇదే. కన్ను పేరును చదవడానికి ముందే రంగును గుర్తుపడుతుంది కాబట్టి, రంగులు సరిగా పెట్టుకున్న సెషన్‌లో చెయ్యి తడుముకోకుండా సరైన ఫేడర్ (శబ్ద స్థాయిని పెంచే, తగ్గించే మీట) మీదికి వెళుతుంది. కాకోస్ సంస్థ రూపొందించిన రీపర్ అనే ఆడియో రికార్డింగ్, మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పని ఎలా సాగుతుందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో చాలాకాలంగా వాడుతున్నవాడిగా ఇక్కడ రాస్తున్నాను.

కొత్త ప్రాజెక్టు తెరిచి ట్రాకులు చేర్చినప్పుడు అవన్నీ ఒకే బూడిద రంగులో ఉంటాయి. రంగు మార్చడానికి ట్రాక్ మీద రైట్ క్లిక్ చేసి 'ట్రాక్ కలర్' మెనూలోకి వెళ్ళాలి. అక్కడ మనకు నచ్చిన రంగును ఇవ్వవచ్చు, ఎంచుకున్న ట్రాకులన్నింటికీ ఒకే యాదృచ్ఛిక రంగును గానీ ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి గానీ వేయించవచ్చు, వద్దనుకుంటే తిరిగి డిఫాల్టుకు తేవచ్చు. ఇచ్చిన రంగు ట్రాక్ ప్యానెల్‌కూ, మిక్సర్‌లోని స్ట్రిప్‌కూ, టైమ్‌లైన్‌లోని ఐటెమ్‌లకూ (రికార్డయిన ఆడియో ముక్కలకు) ఒకేసారి అందుతుంది. ఇలాంటి ఇతర ఆడియో సాఫ్ట్‌వేర్లలో, ఆడాసిటీ చాలాకాలం నాలుగు తరంగ రంగులతోనే సరిపెట్టింది. ఏబుల్టన్ లైవ్ ముందే అమర్చిన రంగుల పలకలోంచి ఎంచుకోమంటుంది. రీపర్‌లో అటువంటి గీత లేదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి 256 స్థాయిలలో కలిసి ఏర్పడే 1,67,77,216 రంగులలో ఏదైనా ఇవ్వవచ్చు.

అయితే ఇంత స్వేచ్ఛ ఉండటం వల్లనే సెషన్ పాడయ్యే అవకాశమూ ఎక్కువ. నిర్ణీత పలక ఉన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎంచుకున్నా రంగులు ఒకదానితో ఒకటి కొంత పొందికగా ఉంటాయి. రీపర్‌లో ఆ బాధ్యత పూర్తిగా మనదే. యాదృచ్ఛిక రంగుల ఆదేశాన్ని నేను ఎవరికీ సూచించను, ఎందుకంటే అది ప్రతి ట్రాక్‌ను వేరు చేస్తుందే తప్ప ఏ ట్రాక్ ఏ బృందానిదో చెప్పదు. ఎనిమిది డ్రమ్ మైకులకు ఎనిమిది రంగులు వస్తే అవి ఒకే వాద్యానికి చెందినవని గుర్తించడానికి మళ్ళీ పేర్లే చదవాల్సి వస్తుంది.

రంగు ఎంత గాఢంగా కనబడాలన్నది మరో విషయం. ప్రిఫరెన్సెస్‌లోని అపియరెన్స్ విభాగంలో తరంగ రేఖకు, దాని వెనుక నేపథ్యానికి వేర్వేరుగా రంగు పులిమే వీలుంది, ఆ రంగు ట్రాక్ నుంచి రావాలా, ఐటెమ్ నుంచి రావాలా, టేక్ (ఒకే భాగాన్ని మళ్ళీ మళ్ళీ రికార్డు చేసినప్పుడు ఒక్కో ప్రయత్నం) నుంచి రావాలా అన్నది కూడా అక్కడే నిర్ణయించుకోవచ్చు. ఒకే ట్రాక్‌లో ఐదారు టేకులు పాడించి మంచి ముక్కలను ఏరి కలిపేవారు టేక్ రంగును తప్పక వాడి చూడాలి. ఏ పదం ఏ టేక్ నుంచి వచ్చిందో వినకముందే తెలిసిపోతుంది, అతుకు దగ్గర గొంతు స్వభావం మారితే కారణం వెతుక్కోనక్కర్లేదు. ఇదే విభాగంలో ట్రాక్ పేరు ఉన్న పట్టీకి మాత్రమే రంగు వేయాలా, మొత్తం ప్యానెల్‌కు పులమాలా అన్న ఎంపిక కూడా ఉంది. నా సలహా పేరు పట్టీకే పరిమితం చేయమని. మొత్తం ప్యానెల్‌కు ముదురు రంగు పులిమితే, ఏ ట్రాక్ ఎంపికై ఉందో చెప్పే వెలుగు తేడా ఆ రంగులో కలిసిపోతుంది. తప్పు ట్రాక్ మీద మార్పు చేయడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

ఎరుపు విషయంలో నేను చాలా కచ్చితంగా ఉంటాను. రికార్డింగుకు సిద్ధంగా ఉంచిన ట్రాక్ బటన్ ఎర్రగా వెలుగుతుంది, మీటర్ హద్దు దాటినప్పుడు కనిపించేదీ ఎరుపే. ఒకప్పుడు ముఖ్యమైనదన్న ఆలోచనతో లీడ్ గాత్రానికి నిండు ఎరుపు ఇచ్చాను. ఆ ట్రాక్ రికార్డింగుకు సిద్ధంగా ఉందనే భ్రమలో గాయకురాలి చేత ఒక చరణం మొత్తం పాడించాను, తీరా చూస్తే బటన్ నొక్కనేలేదు. ఆ చరణం మళ్ళీ పాడినప్పుడు మొదటిసారి పలికిన భావం రాలేదు. అప్పటి నుంచి నా సెషన్లలో ఎరుపు సాఫ్ట్‌వేర్ హెచ్చరికలకే వదిలేశాను, గాత్రానికి పసుపు కలిసిన నారింజ వాడుతున్నాను.

ఇక రీపర్‌కు అసలైన బలం ఎస్‌డబ్ల్యూఎస్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ (విడిగా తెచ్చి జోడించుకునే అదనపు సాఫ్ట్‌వేర్) చేర్చినప్పుడు వస్తుంది. అందులోని 'ఆటో కలర్' కిటికీలో మనం నియమాలు రాసుకోవచ్చు. ట్రాక్ పేరులో కిక్ అనో స్నేర్ అనో ఉంటే ఫలానా నీలం, గిటార్ అని ఉంటే ఫలానా ఆకుపచ్చ అని ఒకసారి నమోదు చేస్తే, ఆ తరువాత ట్రాక్‌కు పేరు టైపు చేసి ఎంటర్ నొక్కగానే రంగు దానంతట అదే వస్తుంది. పేరుతో నిమిత్తం లేకుండా ఫోల్డర్ ట్రాకులు, వాటి లోపలి ట్రాకులు, ఇతర ట్రాకుల నుంచి సంకేతం అందుకునేవి, ఇంకా పేరు పెట్టనివి అన్న వర్గాలను బట్టి కూడా నియమాలు రాయవచ్చు. పేరు పెట్టని ట్రాకులకు నేను కొట్టొచ్చినట్టు కనిపించే గులాబీ రంగు ఇచ్చాను. ఆ రంగు తెర మీద ఉన్నంతసేపు పేరు పెట్టాల్సిన పని మిగిలి ఉందని గుర్తుచేస్తూనే ఉంటుంది. టైమ్‌లైన్‌లో ఒక చోటును గుర్తుపెట్టే మార్కర్లకూ, ఒక భాగాన్ని గుర్తుపెట్టే రీజియన్లకూ ఇదే పద్ధతి పనిచేస్తుంది కనుక పల్లవి, చరణాలు కూడా టైమ్‌లైన్ మీద వాటి వాటి రంగుల్లో నిలుస్తాయి.

ఈ నియమాలు రాసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సాఫ్ట్‌వేర్ పేరులో ఎక్కడైనా ఆ అక్షరాలు ఉన్నాయా అని మాత్రమే చూస్తుంది. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టేవారు బాస్ కోసం రాసిన నియమం బాసూన్ ట్రాక్‌కు కూడా అంటుకుంటుంది. ఒకే పేరుకు రెండు నియమాలు వర్తించే చోట వాటి క్రమాన్ని లాగి సరిచేసుకోవాలి. మనం చేత్తో ప్రత్యేకంగా మార్చిన రంగును నియమం చెరపదు, ఎప్పుడైనా అన్నింటినీ నియమం ప్రకారమే ఉంచాలనుకుంటే అందుకు 'ఫోర్స్' బటన్ ఉంది. ఈ మర్యాద నాకు బాగా నచ్చింది.

అదే ఎక్స్‌టెన్షన్‌లో 16 రంగుల సొంత పలకను తయారుచేసి, ఫైలుగా దాచుకుని, వేరే కంప్యూటర్‌లోకి తెచ్చుకోవచ్చు. ఆ పదహారింటిలో ఒక్కొక్క రంగుకు కీబోర్డు మీద ఒక మీట కేటాయించే వీలు కూడా ఉంది. నేను వాడేది ఏడు రంగులే: డ్రమ్స్, బాస్, గిటార్లు, కీబోర్డులు, గాత్రం, కోరస్, ఎఫెక్టులు. అంతకు మించితే మనసు గుర్తుంచుకోవడం మానేస్తుందని నా అనుభవం.

లోపం చెప్పాలంటే, ఇంత ఉపయోగపడే నియమాల పద్ధతి రీపర్‌తో పాటు రాకపోవడమే. ఎక్స్‌టెన్షన్ సంగతి తెలియని కొత్తవారు బూడిద ట్రాకులతోనో, ఒక్కొక్కటిగా రైట్ క్లిక్ చేస్తూనో రోజులు గడుపుతారు. లాజిక్ ప్రో అనే మరో సంగీత సాఫ్ట్‌వేర్‌లో ఆప్షన్, సి మీటలు కలిపి నొక్కితే పలక తెర మీదికి వస్తుంది, ట్రాకులను ఎంచుకుంటూ రంగును క్లిక్ చేస్తూ పోవచ్చు. అంత తేలికైన ఏర్పాటు రీపర్‌లో మొదటి రోజు కనబడదు. విండోస్‌లో రంగు ఎంచుకోవడానికి తెరుచుకునేది ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెందిన పాత పెట్టె, పక్క ట్రాక్ పక్కన ఆ రంగు ఎలా ఉంటుందో చూసి ఎంచుకునే వీలు దానిలో లేదు.

ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా గుర్తించలేనివారికి మాత్రం రీపర్ స్వేచ్ఛ నిజంగా మేలు చేస్తుంది. ఉత్తర ఐరోపా సంతతి పురుషుల్లోనే సుమారు 8 శాతం మందికి ఈ ఇబ్బంది ఉందని అంచనా. వారు నీలం, పసుపు జంటను ఆధారంగా తీసుకుని, ఒకే రంగులో లేత, ముదురు ఛాయలను దూరంగా ఉంచి పలక తయారుచేసుకుంటే వెలుగు తేడాతోనే బృందాలు విడిపోతాయి. ఎవరైనా తమ పలకను ఒకసారి స్క్రీన్‌షాట్ తీసి నలుపు తెలుపులోకి మార్చి చూసుకోవడం మంచిది.

పని పూర్తయ్యాక ట్రాకులను విడివిడి వేవ్ ఫైళ్ళుగా వేరొకరికి పంపినప్పుడు ఈ రంగులేవీ వాటి వెంట వెళ్ళవు, ఫైలు పేరు ఒక్కటే వెళుతుంది. ఈ మధ్య నాతో పనిచేసే మిక్సింగ్ ఇంజినీరుకు నా నియమాలను కూడా ఇచ్చాను. ఆయన నా ఫైళ్ళను తన సెషన్‌లోకి తెచ్చి ట్రాకులకు అవే పేర్లు ఉంచగానే గాత్రం నారింజలోకి, డ్రమ్స్ నీలంలోకి మారాయి, ఫోనులో 'ఆ రెండో నారింజ ట్రాక్ కొంచెం తగ్గించండి' అంటే సరిపోయింది.