వైబ్రేషన్‌కి మందు: మౌంటింగ్ బోల్టులా, హ్యాండిల్ బరువులా?

బండిని న్యూట్రల్‌లో నిలబెట్టి రేజ్ చేసినా చేతులు జివ్వుమంటుంటే మూలం ఇంజిన్ వైపే. నడిపేటప్పుడు మాత్రమే వస్తుంటే ముందు చెయిన్, టైర్లు చూడాలి.

ఇంజిన్‌దే అని తేలగానే చాలామంది హ్యాండిల్ చివర్లకు బరువులు తగిలిస్తారు. పది నిమిషాల పని, చేతులకు హాయి. కానీ అవి హ్యాండిల్ ఎక్కువగా అదిరే ఆర్‌పీఎంని (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) పక్కకు జరుపుతాయి, అంతే. ఇంజిన్ అదురు అలాగే ఉంటుంది.

ఇంజిన్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే మౌంటింగ్ బోల్టులకు ఓపిక కావాలి. ఇంజిన్ చల్లారాక టార్చి వేసి బోల్టు తల చుట్టూ చూడండి. పెయింటు పగిలి, సన్నటి ఎర్రటి పొడి కనిపిస్తే అక్కడ ఇనుము ఇనుముతో రాసుకుంటున్నట్టే. బిగించేది టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), మాన్యువల్‌లో చెప్పినంతే. బలం కొద్దీ తిప్పితే థ్రెడ్లు పోతాయి, ఆ తలనొప్పి మరీ పెద్దది. బోల్టుల దగ్గర రబ్బరు బుష్‌లుంటే (అదురును పీల్చే తొడుగులు) వాటిలో పగుళ్లు కూడా చూడండి.

సింగిల్ సిలిండర్ ఇంజిన్‌లో 6000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సెకనుకు 100 సార్లు పైకీ కిందికీ కొట్టుకుంటుంది. కొంత అదురు దాని స్వభావం. దానికి బరువులు మంచివే. కొత్తగా మొదలైన వైబ్రేషన్‌కి మాత్రం నేను ముందు రెంచే తీస్తాను.