పడమటి గాలిలో రాత్రంతా గాలం: దిండి ఒడ్డా, చెరువు గట్టా?

పడమటి గాలి గట్టిగా పట్టిన రోజుల్లో బొచ్చె చేప కోసం కోనసీమలోని దిండి వెళ్లి, గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున కూర్చోవడం శుద్ధ దండగ. రిసార్టు కోసమైతే వెళ్లండి, నది అవతల పొద్దు గుంకడం చూడండి, హౌస్‌బోటెక్కండి. గాలం మాత్రం కారు డిక్కీలోనే ఉండనివ్వండి. ఆషాఢంలో బావా నేనూ రెండు చోట్లా రాత్రి కాపలా కాశాక తేలిన సంగతి ఇది. మా చెల్లిని ఈ మధ్యే చేసుకున్న బావ ఆ నెలలో మా గుమ్మం తొక్కకూడదు. చెరువు గట్టుకి ఆ పట్టింపు లేదు.

హైదరాబాద్ నుంచైతే లింగంపల్లిలో బయలుదేరే నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ సుఖం. ఆకివీడు, భీమవరం, పాలకొల్లు అన్నీ దారిలోనే. పాలకొల్లులో దిగి ఆటో మాట్లాడుకుంటే చించినాడ వంతెన దాటగానే దిండి.

అక్కడి టూరిజం వాళ్ల హరిత రిసార్టులో గది, కొబ్బరిచెట్లు, నది మూడూ ఒకేచోట దొరుకుతాయి. కుటుంబంతో వెళ్లేవాళ్లకి నేను అదే చెప్తాను. చేపల మాటకొస్తే చిక్కంతా నదిదే. సముద్రం దగ్గర కాబట్టి ఆటుపోట్లు తగులుతాయి. నది వెడల్పంతా దాటి వచ్చిన పడమటి గాలి సరిగ్గా ఈ ఒడ్డునే కొడుతుంది. కింద పోటు ఒకవైపు లాగుతుంటే, పైన గాలికి తంగూసు విల్లులా వంగిపోతుంది. సీసం గుండు చోటు వదిలి జరిగిపోతుంది, చేప పడితే తెలియాలని గాలం రాడ్డుకి కట్టిన గంట ఊరికే మోగుతుంది. పైగా బొచ్చె, శీలావతి మంచినీటి చేపలు. వరద రాకముందు అంత దిగువన వాటి కోసం చూడటం అత్యాశే. మాకు తగిలినవి జెల్లలు.

మర్నాడు ఊళ్లో ఒక లాడ్జిలో దిగాం. ఏసీ అన్నారు, గాలికి కరెంటు పోయాక జనరేటర్ లేదన్నారు. తడి సామాను పైకి తేవద్దన్నారు. అంతకన్నా చెప్పుకోవడానికేం లేదు.

అసలు రాత్రి ఉండి అనే ఊరికీ, ఆకివీడుకీ మధ్య ఒక చేపల చెరువు మీద గడిచింది. బావకి తెలిసినవాళ్లు లీజుకి తీసుకున్నది. పంచాయతీ చెరువైనా వేలం పాటదారుడు ఉంటాడు కాబట్టి, అడగకుండా గాలం వేస్తే అది దొంగతనమే. ఫోన్ చేసి, ఒప్పుకున్నాకే వెళ్లండి.

మేం అలవాటుగా పడమటి గట్టున, గాలికి వీపు పెట్టి సర్దుకుంటుంటే కాపలా ఆయన చూసి నవ్వాడు. "అటు గట్టుకెళ్లండి బాబూ. నురగంతా ఎక్కడికి పోతుందో చూడండి" అన్నాడు. నిజమే. పైనీటిని గాలి తూర్పు గట్టుకి తోసేస్తుంది, దాంతోపాటు నీటిలో తేలే మేత కూడా. బొచ్చె పైనీటిలో మేసే చేప కాబట్టి అటే చేరుతుంది. ఎదురుగాలికి దూరం విసరలేమని టెన్షన్ పడ్డాం గానీ, చేప పది గజాల్లోనే ఉన్నప్పుడు దూరంతో పనేముంది?

ఎర కూడా అక్కడిదే. ఈ చెరువుల్లో తవుడు, వేరుశనగ చెక్క కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి కర్రలకి కట్టి వేలాడదీస్తారు. చేపలు ఆ చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. ఆ రుచికి అలవాటు పడ్డవాటికి మనం తెచ్చే ఖరీదైన ఎరలు దేనికి? అదే చెక్క పొడి, కాస్త మైదా కలిపి ముద్ద చేశాం.

అలల్లో బెండు కనపడదు, గంట నమ్మకం లేదు. తంగూసుని చూపుడు వేలి మీద వేసుకుని కూర్చున్నాం. గాలి లాగుడు తెంపు లేకుండా ఉంటుంది. శీలావతి మాత్రం రెండుసార్లు చిన్నగా తడిమి, ఆగి, ఒక్కసారిగా గుంజుతుంది. ఆ ఆగడం పట్టుకోవడం వస్తే చాలు. బావ ఒకసారి "బావా, వేలు తెగింది!" అని అరిచాడు. తెగలేదు, చేప పడింది.

గాలి రాత్రి రైతుకీ మంచిదే. గాలి ఆడని మబ్బు రాత్రుల్లో తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ తగ్గిపోయి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అలాంటప్పుడు నీటిలోకి గాలి పట్టించే ఏరేటర్ల దగ్గర పరుగులు పెడుతున్నవాళ్లని గాలం వేసుకుంటామని అడగడం మర్యాద కాదు, చేప కూడా మేత ముట్టదు.

బస అంటే రేకుల షెడ్డు, రెండు నులక మంచాలు. గాలికి దోమల్లేవు. బాత్రూమ్ లేదు, తాగే నీళ్లు టిన్నుతో తెచ్చుకోవాలి. వాన పడితే గట్టు మీద బండి జారుతుంది, రోడ్డు మీదే పెట్టి నడవండి. చెరువుల మీదుగా కరెంటు తీగలు వెళ్తుంటాయి, కార్బన్ రాడ్డులో కరెంటు పారుతుంది. తీగల కింద విసరొద్దు, రాడ్డు నిలబెట్టి నడవొద్దు.

కూర్చున్నందుకు డబ్బులు తీసుకోలేదు. పట్టుకెళ్లే చేపలకి ఆనాటి చెరువు ధర కట్టాం, చిన్నవి వదిలేశాం. కోల్‌కతా, అస్సాం వెళ్లే లారీలకి చేపలు ప్యాక్ చేసే చోట అడిగితే ఐసు ఇచ్చారు. మార్కెట్లో ముక్కలు కొట్టించుకునేటప్పుడు పక్కనే నిలబడండి, బొచ్చె తల పులుసుకని ముందే చెప్పి విడిగా కట్టించుకోండి.